సదాశివరావు గారి నల్ల రొట్టె

లండన్ శివారు హేస్‌లో మా వీధి చివర పోలండ్ వాళ్ల షాపు ఒకటి ఉంది. తలుపు తోయగానే ఊరబెట్టిన దోసకాయల పులుపు ముక్కుకి తగులుతుంది. దాని వెనక పొగ పట్టించిన మాంసం, అన్నిటికీ అడుగున నల్ల రొట్టె వాసన. ఆ రొట్టె నాకు ఇష్టం లేదు. పుల్లగా, బరువుగా, తడి మట్టి నమిలినట్టు ఉంటుంది. డెబ్భై దాటిన నా పళ్లకి అది తగిన తిండీ కాదు. అయినా వారం వారం వెళ్లి ఒకటి కొంటాను. కౌంటర్ దగ్గర ఉండే ఆవిడ నన్ను గుర్తుపడుతుంది గాని పలకరించదు. అందుకు కారణం ఉంది. అది చెప్పాలంటే సదాశివరావు గారి గురించి చెప్పాలి. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. ఆయన పేరు మాత్రం మీ నాన్నలో తాతలో చదివిన పుస్తకాల లోపలి పేజీలో, ఎవరూ చూడని చోట, చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తెనాలి దగ్గర ఒక రైసు మిల్లులో మా అన్న వెంకయ్య బస్తాలు మోసేవాడు, నేను ఆ బస్తాల మూతులు కుట్టేవాణ్ణి. ఆ రోజుల్లో బస్టాండు పక్కన అప్పుడప్పుడూ ఒక పుస్తకాల వ్యాను వచ్చి ఆగేది. అందులో ఉండేవి రష్యా వాళ్లు మాస్కోలో అచ్చువేసి పంపిన తెలుగు పుస్తకాలు. గట్టి అట్ట, మీగడ రంగు కాగితం, మధ్యమధ్య రంగు బొమ్మలు. సినిమాకి నేల టిక్కెట్టు కంటే చవక. మరి అమెరికా వాళ్లు ఊరుకుంటారా? వాళ్ల పత్రిక ఉచితంగా ఊరి పఠన మందిరానికి వచ్చేది. నున్నటి కాగితం మీద మెరిసే కార్లు, ఫ్రిజ్ తలుపు పట్టుకుని నవ్వే ఆడవాళ్లు. పాతబడిన ఆ పత్రికల కాగితాలు అడిగి తెచ్చుకుని రష్యా పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్లం. వానలో తడిసినా చెక్కుచెదరని అట్టలవి. పైన న్యూయార్కు, లోపల మాస్కో, ఆ రెంటినీ ఒళ్లో పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంటూ నేను. భూగోళాన్ని బూడిద చెయ్యగల బాంబులు పోగేసుకుని ఒకరి మీదొకరు గుడ్లురుముకుంటున్న ఆ ఇద్దరూ మా బస్టాండులో బస్తాలు కుట్టే కుర్రాడి బుర్ర కోసం కూడా పోటీ పడ్డారు. నాకొచ్చిన చదువంతా వాళ్ల తగాదాలో రాలినదే. సిగ్గుపడను గాని మరిచిపోను కూడా.

మా అన్నకి చదువు రాదు. నేను చదువుతుంటే వినేవాడు. వాడికి ప్రాణమైన పుస్తకం ఒకటుండేది. అందులో, పని చేసి అలిసిన కూలీలని రష్యా సర్కారు నల్ల సముద్రం ఒడ్డున విశ్రాంతి భవనానికి పంపిస్తుంది. అక్కడ తెల్లటి దుప్పట్లు, కిటికీలోంచి సముద్రపు గాలి, ఊపిరితిత్తులు పరీక్ష చేసే డాక్టరమ్మ. ఆ పుస్తకం విన్నాకే వాడు మిల్లులో సమ్మె కట్టించాడు. ముఖాలకి గుడ్డ కట్టుకోనివ్వాలని, దుమ్ము పోయే దారి పెట్టాలని అడిగాడు. అంతకు మించి అడగలేదు. కొట్టారు, జైల్లో పెట్టారు, ఆ చుట్టుపక్కల ఏ మిల్లులోనూ పని దొరక్కుండా చేశారు. ఊక దుమ్ము అప్పటికే వాడి రొమ్ములో గూడు కట్టుకుంది. చివరి రోజుల్లో దగ్గు కాస్త ఆగినప్పుడల్లా అనేవాడు: "ఆ సముద్రం కాడ నించి చదవరా." చదివేవాణ్ణి. అది వింటూనే పోయాడు. ఆ పుస్తకాన్ని తెలుగు చేసినవారు సదాశివరావు.

తరవాత ఎవరెవరి చేతులో పట్టుకుని నేనీ దేశం చేరాను. ఎయిర్‌పోర్టు దగ్గర, విమానాల్లోకి భోజనం ట్రేలు సర్దే కిచెన్‌లో రిటైరయ్యేదాకా పనిచేశాను. బ్యాంకులు కూలిన ఏడాది, 2008లో, ఒకరోజు జీపీ సర్జరీలో, అంటే మా పేట డాక్టరు క్లినిక్కులో, నా వంతు కోసం కూర్చున్నాను. గోడ మీది టీవీలో అట్టపెట్టెలు మోసుకుంటూ ఆఫీసుల్లోంచి బయటికి నడుస్తున్న కుర్రాళ్లని చూపిస్తున్నారు. రిసెప్షన్ పిల్ల ఒక పేరు పిలవబోయి మూడుచోట్ల విరగ్గొట్టింది. నా పక్కన పొడుగాటి ఓవర్‌కోటు, చెవులు మూసే బొచ్చుటోపీతో కూర్చున్న ముసలాయన లేచాడు. ఆ విరిగిన ముక్కలు అతికించుకుంటే సదాశివరావు అయింది. ఆయన డాక్టరు గదిలోంచి వచ్చేదాకా ఆగి, నా వంతు పోయినా సరేనని ఆగి, ఎదురెళ్లి అడిగాను.

"మాస్కోలో పుస్తకాలు తెలుగు చేసిన సదాశివరావు గారు మీరేనా?"

ఆయన ముందు తలుపు వైపు చూశారు, తరవాత రిసెప్షన్ వైపు. అప్పుడు నెమ్మదిగా, "ఎవరు చెప్పారు మీకు?" అన్నారు. అన్నేళ్ల తరవాత, హేస్‌లో, మందుల చీటీ చేతిలో పట్టుకుని కూడా ఆ మనిషి గొంతు తగ్గించే మాట్లాడాడు. ఆ భయం గుట్టు నాకు అప్పుడు తెలియలేదు. టీవీ వైపు చూపించి ఉత్సాహంగా అన్నాను: "చూశారా రావుగారూ, ఇన్నాళ్లకి వీళ్ల వంతొచ్చింది." ఆయన నవ్వలేదు. "సంబరపడకోయ్. ఏ ఇల్లు కూలినా కింద పడేది నీలాంటి నాలాంటి వాళ్లే. ఒకటి కూలడం నేను దగ్గరుండి చూశాను," అన్నారు.

కూతురు సుధ ఇంట్లో, మేడమీది చిన్న గదిలో ఉండేవారాయన. సుధ మాస్కోలోనే పెరిగిన పిల్ల, ఇప్పుడు ఆఫీసు ఉద్యోగం. ఆ ఇంటికి నేను పోని వారం ఉండేది కాదు. పాలు లేని టీలో చెంచాడు జామ్ కలుపుకుని, రొట్టె ముక్క నంజుకుంటూ మాట్లాడేవారు. తిన్నాక బల్ల మీద రాలిన పొడిని అరచేతి అంచుతో ఒకచోటికి ఊడ్చి, రెండో చేతిలోకి తీసుకుని నోట్లో వేసుకునేవారు. "మీ అమ్మాయి మీకు తిండి పెట్టడం లేదా ఏం?" అని వేళాకోళం చేశానొకసారి. "అలవాటోయ్," అని మాట మార్చేశారు.

మాస్కోలో వాళ్లు పనిచేసే పద్ధతి నాకు చెప్పింది ఆయనే. ఒక పేజీ తెలుగు చేశాక, తెలుగు నేర్చుకున్న ఒక రష్యన్ ఆవిడ దాన్ని మూలంతో వరస వరసా సరిచూసేది. ఆవిడ చేతిలో ఎర్ర పెన్సిలు. తప్పుంటే గీత, తప్పు లేకపోయినా పైవాళ్లకి నచ్చదనుకుంటే గీత. అది ఆవిడ పద్ధతి. రావుగారి పద్ధతి వేరు. రాసిన వాక్యం ప్రతిదీ పైకి చదివేవారట, ఎదురుగా చదువురాని మనిషొకడు కూర్చుని వింటున్నాడని ఊహించుకుని. ఆ మనిషి కనుబొమలు ముడిపడితే వాక్యం కొట్టేసి మళ్లీ రాయడమే. "బయట మంచు కురుస్తుంటే కిటికీ దగ్గర కూర్చుని ఎవరి మొహం చూస్తూ రాశానో, ఆ మొహం ఇన్నాళ్లకి చూస్తున్నానోయ్ నరసింహం," అన్నారు. నేను ఇటు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాను. బడి ఎరగని నాకు బడి అయిన మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది.

చదవడం నాకు రెండోసారి నేర్పిందీ ఆయనే. నేనొకసారి పాత అమెరికా పత్రికల గురించి, ఆ వంటిళ్ల గురించి, ఆ నవ్వుల గురించి వెటకారంగా చెబుతుంటే, "ఆ ఫోటోల్లో ఎవరు లేరో చూశావా?" అన్నారు. "అదే ఊళ్లో బస్సులో వెనక సీట్లోనే కూర్చోవలసిన నల్లవాడు ఏ పేజీలోనైనా ఉన్నాడా? బొమ్మలో ఉన్నవాణ్ణి ఎవడైనా చూస్తాడు. లేనివాణ్ణి వెతుక్కోవాలి." ఆ మాట పట్టుకుని నేను ఈ దేశపు పేపర్లు, టీవీలు, కౌన్సిల్ వాళ్లు పంచే కరపత్రాలు అన్నీ చదవడం మొదలుపెట్టాను. ఆ మాటే ఒకనాడు ఆయన మీదికి తిప్పుతానని మాత్రం అనుకోలేదు.

వీధి చివర పోలండ్ షాపు కొత్తగా తెరిచినప్పుడు ఆయన పండగ చేసుకున్నారు. "నల్ల రొట్టె దొరుకుతుందోయ్, రా," అని నన్ను లాక్కుపోయారు. లోపలికి అడుగు పెట్టగానే గుండెల నిండా గాలి పీల్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, కౌంటర్ దగ్గరి ఆవిడతో గలగలా రష్యన్‌లో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయన మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్లంతా ఆయన లెక్కలో ఒకే ఇంటివాళ్లు. అలా అనే పుస్తకాలు ఎన్ని తెలుగు చేసి ఉంటారు! ఆవిడ మొహం మాత్రం తలుపు మూసేసినట్టు మూసుకుపోయింది. చివరిదాకా విని, ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"మీరన్నది ప్రతి మాటా నాకు అర్థమైంది. మా మీద రష్యా పెత్తనం నడిచిన రోజుల్లో బళ్లో ఈ భాష మా చేత బలవంతాన చదివించారు. మా నాన్నని జైల్లో కూర్చోబెట్టి ప్రశ్నలడిగిందీ ఈ భాషలోనే. నా షాపులో ఇంగ్లీషులో అడగండి. లేదా వెళ్లండి."

ఆయన చేతిలోని రొట్టెని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, సారీ అని బయటికి నడిచారు. టోపీ పెట్టుకోవడం కూడా మరిచిపోయారు. కాలవ గట్టు మీది బెంచీ దాకా ఇద్దరం నడిచాం. అక్కడ అడిగాను. మా అన్న పోయిన దగ్గర్నుంచీ నా లోపల ఎక్కడో ఉన్న ప్రశ్న అది. అడగడానికి మనిషి దొరకలేదు ఇన్నాళ్లూ.

"మీకు తెలుసా రావుగారూ? అక్కడ ఏం జరిగిందో ఆ పుస్తకాలు రాసేనాటికి మీకు తెలుసా?"

నీళ్ల వైపు చూస్తూ అన్నారు: "తెలుసు."

"ఎలా?"

"మా పక్క వాటాలో ఒకావిడ ఉండేది. వేరా నికొలాయెవ్నా. వయసంతా లేబర్ క్యాంపులో ఖైదీగా గడిపి తిరిగొచ్చిన మనిషి. ఆవిడే చెప్పింది."

"మరి?"

"మరి ఏముంది. క్వార్టరు వాళ్లిచ్చింది. సుధ బడి వాళ్లది. నోరు తెరిస్తే మర్నాడు విమానం ఎక్కించేవాళ్లు." ఆగి, నా వైపు తిరిగి అన్నారు. "నేను మానేస్తే ఆ పుస్తకాలు ఆగిపోయేవి నరసింహం. నువ్వేం చదివేవాడివి చెప్పు?"

ఒళ్లు మండిపోయింది నాకు. "నన్ను అడ్డం పెట్టుకోకండి. మా అన్న ఊపిరాడక కొట్టుకుంటూ మీ సముద్రపు గాలి గురించి విన్నాడు. తెల్ల దుప్పట్లన్నారు. డాక్టరమ్మ అన్నారు. ఆ పక్క వాటా ఆవిడ ఏ పేజీలో ఉంది? చెప్పండి, ఏ పేజీలో? లేనివాళ్లని వెతుక్కోమన్నది మీరు కాదూ?"

"ఆ విశ్రాంతి భవనం అబద్ధం కాదోయ్," అన్నారు చాలా చిన్న గొంతుతో. "ఉంది. నేను వెళ్లాను కూడా. అది నిజమే. అది ఒక్కటే రాశాం."

లేచి వచ్చేశాను. ఆ తరవాత చాలా నెలలు ఆ గడప తొక్కలేదు. సుధ రోడ్డు మీద కనబడి, "నాన్న మీ గురించే అడుగుతున్నారు అంకుల్," అంటే, పని ఉందన్నాను. రిటైరైన ముసలాడికి ఏం పనో ఆ అమ్మాయి అడగలేదు.

చివరికి ఆయనే ఫోన్ చేశారు. లండన్‌కి అటు చివర ఇల్ఫర్డ్‌లో తెలుగు సంఘం వాళ్లు పండగ సభ పెట్టి, భాషకి సేవ చేసిన పెద్దాయన అని ఆయనకి శాలువా కప్పుతారట. "నువ్వు రావాలి. ఆ రోజు చెప్పేస్తాను. వేరా గురించి. అందరి ముందూ, మైకులో. నువ్వు ముందు వరసలో కూర్చో, నీ మొహం చూస్తూ చెప్తాను." అలాంటి మాట ఆయన గొంతు తగ్గించకుండా చెప్పగా వినడం నాకు అదే మొదలు.

వెళ్లాం. హాలు నిండా పట్టుచీరలు, ఒక మూల బిర్యానీ వాసన, మేకప్‌లు వేసుకుని డాన్సుకి సిద్ధంగా ఉన్న పిల్లలు. సంఘం కార్యదర్శి కిరణ్ అనే అబ్బాయి, సిటీలో పెద్ద ఉద్యోగం, వినయంగా వచ్చి వంగి చెప్పాడు. "అంకుల్, ఫైవ్ మినిట్స్. ప్లీజ్, పాలిటిక్స్ మాత్రం వద్దు. కమ్యూనిజం, అమెరికా, అవన్నీ వద్దు. మనకి స్పాన్సర్లున్నారు కదా. మాస్కోలో మంచు ఎట్లుంటదో చెప్పండి, కిడ్స్‌కి నచ్చుతది."

శాలువా కప్పారు. ఫోటోలు తీశారు. రావుగారు మైకు రెండు చేతులతో పట్టుకుని నా మొహం వెతుక్కున్నారు. "నేను చాలా ఏళ్లు ఇంకొకళ్లు చెప్పమన్న మాటలు మంచి తెలుగులో చెప్పాను. ఇవాళ నా మాట ఒకటి చెప్తాను. మాస్కోలో మా పక్క వాటాలో ఒకావిడ ఉండేది. ఆవిణ్ణి పోలీసులు..." అంతే. కిరణ్ చప్పట్లు కొడుతూ స్టేజీ ఎక్కాడు. హాలంతా అలవాటుగా చప్పట్లు కొట్టింది. "థాంక్యూ అంకుల్, వండర్‌ఫుల్!" అంటూ మైకు మెల్లగా ఆయన చేతుల్లోంచి విప్పుకుని, మన చిన్నారుల డాన్స్ అని ప్రకటించాడు. నేను లేచి నిలబడి అరిచాను. "మైకివ్వండయ్యా! మనిషిని మాట్లాడనివ్వండి!" వెనక ఎవరో, "అంకుల్ ప్లీజ్, పిల్లలు భయపడతారు," అన్నారు. సినిమా పాట మొదలైంది.

బయట వరండాలో శాలువా మడత పెట్టుకుంటూ ఆయన అన్నారు: "పోనీలేవోయ్. అక్కడ ఎర్ర పెన్సిలావిడ, ఇక్కడ ఈ అబ్బాయి. ఆవిడకి కనీసం తెలుగు వ్యాకరణం బాగా వచ్చు." నవ్వబోయారు గాని నవ్వు రాలేదు. నాకు ఇప్పటికీ తేలదు, ఆ రోజు నేను ఎవరిమీద ఎక్కువ మండిపడ్డానో. మనిషిని జైల్లో పెట్టి నోరు మూయించే రాజ్యం ఒకటి. నోరు ఎంతైనా తెరుచుకో, వినే తీరిక మాకు లేదు అనే రాజ్యం ఇంకొకటి. రెండూ ఒకటే అనను. జైలు జైలే. కాని వేరా మాత్రం రెండుచోట్లా జనం ముందుకి రాలేకపోయింది.

తిరుగు రైల్లో, ఎదురెదురు సీట్లలో, ఆయన చెప్పారు. అడక్కుండానే మొదలుపెట్టారు. అనువాదం చేసినట్టే, వాక్యం వెంట వాక్యం, నా కనుబొమల వైపు చూస్తూ. నేను ముడి వేస్తే ఆగి, అదే వాక్యం ఇంకోలా చెప్పారు. వేరా పడుచుపిల్లగా ఉన్నప్పుడు ఆఫీసులో ఒక విదేశీయుడితో రెండు మాటలు మాట్లాడిందని ఆమెని పట్టుకుపోయారట. మంచులో చెట్లు నరికించారట. అక్కడ రొట్టె కోసేటప్పుడు రాలే పొడి కోసం మనుషులు మోకాళ్ల మీద పాకేవారట. తిరిగొచ్చి, పక్క వాటాలో విదేశీయుడొకడు దిగాడని తెలియగానే, మళ్లీ పట్టుకుపోతారని తెలిసీ, మొదటి రోజే జామ్ సీసా పట్టుకుని తలుపు తట్టిందట. సుధని ఒళ్లో పెంచింది ఆవిడే. తిన్నాక బల్ల మీది పొడి ఊడ్చుకుని నోట్లో వేసుకునేది. "మీ భాషలో రాస్తావా నా సంగతి? నా భాషలో రాయనివ్వరు, మీ భాష వాళ్లకి రాదుగా," అని అడిగిందట. రాస్తానన్నారట. ఎర్ర పెన్సిలావిడకి తెలుగు వచ్చునని ఆయన చెప్పలేకపోయారు.

తరవాత ఆ రాజ్యం పడిపోయింది. ప్రచురణాలయం మూసేశారు. ఆయన ఒక పుస్తకం సగం వాక్యంలో ఉండగా, ఇక రాయక్కర్లేదు అన్నారట. పోటీ ముగిసింది. నున్నటి పత్రికలూ ఆగిపోయాయి, గట్టి అట్టల పుస్తకాలూ ఆగిపోయాయి. అంతకాలం మా భాష మీద అంత ప్రేమ ఒలకబోసిన ఆ ఇద్దరిలో ఒక్కడికీ మర్నాటి నుంచి తెలుగుతో పని లేకపోయింది. మా మీద కాదు వాళ్ల గురి. మా భుజం మీదుగా ఒకడినొకడు చూసుకున్నారు, అంతే. "అప్పుడైనా రాయొచ్చుగా?" అన్నాను. "రాశానోయ్, మనసులో. చదివి వినిపించడానికి ఎదురుగా మనిషి లేడు," అన్నారు. హేస్ స్టేషన్‌లో దిగేసరికి కథ అయిపోయింది. ఆయన చేసిన ఆఖరి అనువాదం అదే. మరుసటి చలికాలం దాటకుండానే పోయారు.

ఆయన్ని క్షమించానా అంటే, లేదు. మా అన్న చెవిలో నేను పోసిన ఆ సముద్రాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. కాని నాకు అక్షరం ఇచ్చిందీ ఆయనే, ఆ అక్షరాన్ని అనుమానించడం నేర్పిందీ ఆయనే. ఆ రెంటినీ విడదీసి ఒకటి ఉంచుకోవడం నా వల్ల కాలేదు.

మా మనవరాలికి ఇప్పుడు బళ్లో ఆ అమెరికా రష్యాల తగాదాయే పాఠం. ఎవరు గెలిచారు, ఎందుకు గెలిచారు, అని ప్రశ్నలిచ్చారట. మొన్న నా ఎదురుగా కూర్చుని రాసుకుంటోంది. నేను రొట్టె తిని, బల్ల మీది పొడి అరచేతి అంచుతో ఊడ్చి నోట్లో వేసుకున్నాను. ఇంకా బోలెడు రొట్టె ఉందిగా తాతా, అని ఇంగ్లీషులో నవ్వింది. తెలుగు వింటుంది, అర్థం చేసుకుంటుంది, పలకదు. పెన్ను పక్కన పెట్టమన్నాను. మాస్కోలో ఒక పక్క వాటా, అందులో జామ్ సీసా పట్టుకుని తలుపు తట్టిన ఒకావిడ, అని మొదలుపెట్టాను. ఆ పిల్ల కనుబొమలు ముడిపడ్డాయి. ఆగి, ఆ వాక్యం మళ్లీ చెప్పాను.